శరత్కాలపు పెరటి తోట

ఆశ్వయుజ మాసము ప్రవేశించునప్పటికి దక్కను పీఠభూమిపై నైరుతి మేఘములు పలుచబడును. చెరువులు నిండి, బావులలో నీరు పైకి వచ్చి, నేల లోతువరకు తడిసియుండును. పగటి ఎండలో తీక్ష్ణత తగ్గును. తెల్లవారుజామున గడ్డిపై మంచు కనబడును. తంగేడు, గునుగు, బంతి పూలతో బతుకమ్మను పేర్చు ఈ దినములలోనే పల్లెలలో రైతు యాసంగి పనులకు సిద్ధపడును. పట్టణవాసులమైన మనకు మాత్రము ఈ ఋతువు వచ్చినదియు తెలియదు, పోయినదియు తెలియదు. కూరగాయలు ఏడాది పొడవునను బండిమీద దొరకుచున్నందున ఋతువుతో మనకు పనిలేదని తలచుచున్నాము.

ఈ తలంపు సరియైనది కాదని, అక్టోబరు మొదలు జనవరి వరకు గల నాలుగు మాసములలో మంచము పట్టునంత జాగా ఉన్న ప్రతి ఇంటివారును కొంతవరకు తమ కూర తామే పండించుకొనవచ్చునని, అందులకు ప్రత్యేకముగా నీరు కొననక్కరలేదని, ఇంటిలో వ్యర్థమగుచున్న శుభ్రమైన నీరే చాలునని తెలుపుట ఈ వ్యాసము ఉద్దేశము. ఇది కేవలము వినోదమునకై చెప్పు మాట కాదు. 2019-21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 నుండి 49 సంవత్సరముల వయస్సు గల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనతతో బాధపడుచున్నారు. తెలంగాణ రాష్ట్రపు సంఖ్యయు ఇంచుమించు ఇంతే. మన తరగతి గదులలో కూర్చున్న విద్యార్థినులు ఈ లెక్కకు వెలుపలివారు కారు.

1918లో కూనూరులో ఆరంభమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన సంస్థ నేడు జాతీయ పోషకాహార సంస్థ యను పేరుతో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు సమీపమున తార్నాకలో నెలకొనియున్నది. ఆ సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూత్రములలో పెద్దవారికి దినమునకు ఆకుకూరలతో కలిపి సుమారు 400 గ్రాముల కూరగాయలు ఉండవలెనని సూచించినది. అయిదుగురు సభ్యులున్న కుటుంబమునకు ఇది దినమునకు 2 కిలోలు. మనలో ఎందరి ఇండ్లలో ఇంత కూర వండబడుచున్నదో ఎవరికి వారు ఆలోచించుకొనవలెను. దీనికి తోడు, నగరమునకు దిగువన మూసీ తీరమున మురుగు కలిసిన నీటితోనే ఆకుకూరలు పండించబడుచున్నవని పలు పరిశోధనలు వెల్లడించినవి. కంటి ఎదుట పెరిగిన కూరకు గల విలువ ఇచ్చట తెలియును.

ఏల ఈ ఋతువే?

మొక్కల పెరుగుదలకు నీరు, ఎండ, వేడి అను మూడును తగు పాళ్ళలో కావలెను. వేసవిలో హైదరాబాదు ప్రాంతమున వేడి 40 డిగ్రీల వరకు పోవును. ఆ వేడిలో కొత్తిమీర, పాలకూర ఆకు పెట్టకముందే పూతకు వచ్చి కాడ ముదిరిపోవును. టమాటా పూత రాలిపోవును. వానకాలమున వేడి తగ్గినను మబ్బు వలన ఎండ చాలదు. తేమ వలన తెగుళ్ళు ప్రబలును. గట్టి వాన కురిసినచో చిన్న గింజలు కొట్టుకొనిపోవును. శరత్కాలమున ఈ రెండు ఇక్కట్లును తొలగును. ఆకాశము నిర్మలముగా నుండును. నేలలో వానకాలపు తడి మిగిలియుండును. రాత్రి చల్లబడి డిసెంబరు నాటికి వేడి సగటున 15 డిగ్రీల సమీపమునకు దిగును. ముల్లంగి, క్యారెట్, క్యాబేజీ, కాలీఫ్లవర్, బఠానీ వంటి చల్లని దేశపు పంటలు మన మైదాన ప్రాంతములలో చక్కగా ఫలించునది ఈ వ్యవధిలోనే.

పగటి నిడివి కూడ ఇందులో ఒక కారణము. మన ప్రాంతమున జూన్ నెలలో పగలు 13 గంటలకు పైగా ఉండును; డిసెంబరులో 11 గంటలకు కొంచెము పైగా మాత్రమే. పందిరి చిక్కుడు ఈ తేడాను గుర్తించు మొక్క. దానిని జూన్, జూలై నెలలలో విత్తినను తీగ విరివిగా ప్రాకునే గాని కాయదు. రాత్రులు పెరుగుట ఆరంభమైన పిమ్మటనే పూత పట్టి, సంక్రాంతి వరకు విరివిగా కాయలనిచ్చును. ఎరువు చాలలేదని తొందరపడి తీగను పెరికివేయువారు ఈ సంగతి ఎరుగవలెను.

మన చాంద్రమానపు హిజ్రీ సంవత్సరము సౌర సంవత్సరము కంటె దాదాపు 11 దినములు చిన్నది. అందువలన రంజాను ఒకప్పుడు వేసవిలోను, మరియొకప్పుడు శీతకాలములోను వచ్చును. ఆరాధనకు ఈ మానము సరిపోవును గాని, పంటకు సరిపోదు. అందుకే అక్బరు చక్రవర్తి కాలమున శిస్తు వసూలు నిమిత్తము సౌరమానముతో కూడిన ఫసలీ సంవత్సరము ఏర్పడినది. ‘ఫస్ల్’ అనగా పంట, ఋతువు అని అర్థము. హైదరాబాదు సంస్థానమున వాడిన ఫసలీ పంచాంగమున కొత్త సంవత్సరము అక్టోబరు మొదటి వారమున ఆజుర్ మాసముతో ఆరంభమయ్యెడిది. మన పెరటి తోటకును అదియే మొదటి దినమని భావించినచో లెక్క తప్పదు.

నీటి లెక్క

తోట అనగానే అందరును చెప్పు మొదటి అభ్యంతరము నీరు. కుళాయి నీరు త్రాగుటకే చాలనప్పుడు మొక్కలకు ఎక్కడిదని అడుగుదురు. ఈ ప్రశ్నకు లెక్క వేసి సమాధానము చెప్పుదుము.

ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు మందమున నీరు నిలిచినచో అది సరిగా ఒక లీటరు అగును. శరత్కాలమున ఏపుగా పెరిగిన కూర మడి నుండి దినమునకు సుమారు 4 మిల్లీమీటర్ల నీరు ఆవిరియై పోవును. కనుక చదరపు మీటరుకు దినమునకు 4 లీటర్లు, పది చదరపు మీటర్ల తోటకు 40 లీటర్లు కావలెను. వేసవిలో ఇదే తోటకు దాదాపు రెట్టింపు నీరు పట్టును. తక్కువ నీరు గలవారు ఈ ఋతువునే ఎన్నుకొనవలెననుటకు ఇది ప్రబలమైన హేతువు.

ఈ 40 లీటర్లు ఎక్కడ నుండి వచ్చును? నమాజు ఆచరించు కుటుంబమున దినమునకు అయిదు పర్యాయములు వుజూ జరుగును. లోటాతో చేసికొన్నచో ఒకరికి ఒక పర్యాయమునకు సుమారు 2 లీటర్లు ఖర్చగును. అయిదుగురికి అయిదు పర్యాయములకు 50 లీటర్లు. పురుషులు మసీదులో చేసికొను వుజూను, ఇతర కారణములచే తప్పిపోవు పర్యాయములను తీసివేసినను 30 లీటర్లు ఇంటిలోనే మిగులును. కుళాయి విప్పియుంచి చేసికొన్నచో ఇంకను ఎక్కువయే వ్యర్థమగును. ఇందులో సబ్బు లేదు, నూనె లేదు. ఒకసారి వుజూ చేసిన నీరు మరల వుజూకు పనికిరాకున్నను అది అశుచి కాదని హనఫీ పండితుల అభిప్రాయము. మొక్కలకు పోయుటకు అభ్యంతరము లేదు.

తక్కిన 10 లీటర్లు వంటయింటి నుండి వచ్చును. పూర్వము తెలుగు ఇండ్లలో బియ్యము, పప్పు కడిగిన నీటిని కుడితి తొట్టిలో పోసి పశువులకు త్రాపెడివారు. నేడు పట్టణములలో పశువులు లేవు, తొట్టియు లేదు. ఆ నీరు మోరీ పాలగుచున్నది. దానిని ఒక బకెట్టులో పట్టి మడికి పోయవచ్చును. బట్టలుతికిన నీటిని, అంట్లు తోమిన సబ్బు నీటిని మాత్రము కూరమడికి పోయరాదు. సోడా క్షారము నేలను బిగుసుకొనిపోవునట్లు చేయును. ఇంకొక జాగ్రత్త గలదు. వుజూ నీటిని ఆకులపై చల్లక మొదళ్ళలోనే పోయవలెను. పుక్కిలించిన నీరు పచ్చిగా తిను ఆకుపై పడరాదు. ఉదయమున గాని, అసర్ నమాజు అనంతరము గాని పోసిన నీరు నేలకు చక్కగా ఇంకును. మిట్టమధ్యాహ్నము పోసినది కొంత ఆవిరియగును.

ఎండ, గోడ నీడ

పాతబస్తీ ఇండ్లలో నడుమ సెహన్ ఉండి చుట్టును గోడలుండును. తోట ఏ ప్రక్కన వేయవలెనను విషయమున చాలమంది పొరబడుదురు. వేసవిలో చూచి ఎండ బాగుగా పడుచున్నదని నిర్ణయించిన చోటు డిసెంబరులో నీడగా మారును. మే నెలలో సూర్యుడు మన నడినెత్తిన నుండును గాని, డిసెంబరు 21 ప్రాంతమున మధ్యాహ్న వేళ దక్షిణ దిశగా 49 డిగ్రీల ఎత్తున మాత్రమే యుండును. ఆ దినమున 3 మీటర్ల ఎత్తు గల దక్షిణపు గోడ మధ్యాహ్నము సైతము 2.6 మీటర్ల పొడవున నీడ వేయును. కనుక మడులను దక్షిణపు గోడకు ఎడముగా, ఉత్తరపు గోడకు దగ్గరగా ఏర్పరచవలెను. టమాటా, వంగ, మిరప మొక్కలకు కనీసము ఆరు గంటల ఎండ తగులవలెను. నాలుగు గంటల ఎండ మాత్రమే పడు చోట పాలకూర, పుదీన, కొత్తిమీర వేసికొనవచ్చును.

సెహన్ లేని ఇండ్లవారు మిద్దెపై తొట్లలో పెంచవచ్చును. పగిలిన బకెట్లు, నూనె డబ్బాలు ఇందులకు పనికివచ్చును. అడుగున రంధ్రములు చేయుట మరువరాదు. ఆకుకూరలకు జానెడు లోతు మట్టి చాలును. టమాటా, వంగలకు 30 సెంటీమీటర్ల లోతు కావలెను. తొట్టి మట్టి త్వరగా ఎండును కనుక ప్రతి దినమును నీరు తప్పనిసరి.

నేలను సిద్ధము చేయుట

హైదరాబాదు పరిసరములలో ఎర్రని చల్క నేల ఎక్కువ; కొన్ని చోట్ల నల్లరేగడి గలదు. చల్క నేలలో నీరు త్వరగా ఇంకిపోవును, రేగడిలో నిలిచిపోవును. రెండింటికిని మందు ఒకటియే, బాగుగా చివికిన పశువుల ఎరువు. చదరపు మీటరుకు 2 నుండి 3 కిలోల ఎరువు చల్లి, గడ్డపారతో జానెడు లోతు తవ్వి, గడ్డలు చితుకగొట్టి కలుపవలెను. పచ్చి పేడ వేసినచో చెదలు పట్టును, వేర్లు మాడును. వేపపిండి దొరకినచో మీటరుకు నూరు గ్రాములు కలిపిన మేలు.

ఎరువు కొనలేనివారు వర్షాకాలమునందే ఒక మూలన గొయ్యి తీసి కూరగాయల తొక్కలు, రాలిన ఆకులు, వాడిన చాయ్ పొడి అందులో వేయుచు, నడుమ నడుమ మట్టి కప్పుచుండవలెను. మాంసపు ఎముకలు వేయరాదు. కుక్కలు, పిల్లులు గొయ్యిని తవ్వివేయును. జూలైలో ఆరంభించినది అక్టోబరు నాటికి నల్లని ఎరువుగా మారును.

మడులు చుట్టుపట్ల నేలకంటె అర జానెడు ఎత్తుగా ఉండవలెను. అక్టోబరులో వానలు పూర్తిగా వెనుదిరుగవు. 2020వ సంవత్సరము అక్టోబరు 13, 14 తేదీలలో హైదరాబాదును ముంచెత్తిన వర్షము ఎవరును మరువజాలరు. అంతటి వానను ఏ మడియు తట్టుకొనలేదు గాని, సాధారణపు జల్లులకు ఎత్తైన మడిలోని నారు కుళ్ళక నిలుచును.

పది చదరపు మీటర్ల తోట

నడచుటకు దారి విడిచి, పది చదరపు మీటర్ల స్థలము ఉన్నదని తలచి ఒక పథకము చెప్పుచున్నాము. ఇంతకన్న తక్కువ ఉన్నవారు ఆ పాళ్ళలో తగ్గించుకొనవచ్చును.

ఇందులో 3 చదరపు మీటర్లు ఆకుకూరలకు. 2 మీటర్లలో 60 సెంటీమీటర్ల సాళ్ళలో 45 సెంటీమీటర్ల ఎడముతో ఏడు టమాటా మొక్కలు. 2 మీటర్లలో 60 సెంటీమీటర్ల ఎడముతో అయిదు వంగ మొక్కలు. 2 మీటర్లలో 45 సెంటీమీటర్ల ఎడముతో పది క్యాబేజీ లేక కాలీఫ్లవర్ మొక్కలు. మిగిలిన ఒక మీటరులో ముల్లంగి, క్యారెట్. మిరప, బంతి మొక్కలను గట్టు వెంబడి నాటవచ్చును. వంగలో భాగ్యమతి, టమాటాలో పూసా రూబీ, ముల్లంగిలో పూసా చేత్కి చిరకాలముగా పేరుగన్న రకములు. ఇవి సంకరములు కావు కనుక మంచి కాయను పండనిచ్చి గింజ దాచుకొనినచో మరుసటి యేడు విత్తనము కొనవలసిన పనిలేదు.

టమాటా, వంగ, మిరప, క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు సెప్టెంబరులోనే పోయవలెను. గింజలను వరుసలలో పలుచగా చల్లి, పొడి ఎరువు కప్పి, సన్నని రంధ్రములు గల డబ్బాతో నీరు చల్లవలెను. దగ్గర దగ్గరగా చల్లి నీరు ఎక్కువ పోసినచో నారు మొదలు మెత్తబడి వ్రాలిపోవును. దీనినే నారుకుళ్ళు అందురు. నాలుగు వారములు నిండిన నారును సాయంకాలము పీకి నాటవలెను. మిరప, వంగ నారు ఇంకొక వారము మడిలోనున్నను నష్టము లేదు.

ఆకుకూరలను నేరుగా విత్తవలెను. మెంతులను ఒక రాత్రి నానబెట్టి విత్తినచో త్వరగా మొలచును. ధనియాలను అరచేతిలో నలిపి రెండు బద్దలుగా చేసి విత్తవలెను. గుండ్రని కాయలో రెండు గింజలుండుటయే ఇందులకు కారణము. క్యారెట్ గింజలు మిక్కిలి సన్ననివి కనుక ఇసుకతో కలిపి చల్లవలెను. మెంతికూర 25 నుండి 30 దినములలోను, కొత్తిమీర, ముల్లంగి సుమారు 40 దినములలోను, పాలకూర మొదటి కోత నెల దినములలోను చేతికి వచ్చును. టమాటా నాటిన రెండు నెలల పిమ్మట కాయ కోతకు వచ్చును. మూడు మీటర్ల ఆకుకూర మడిని ఒక్క దినముననే విత్తివేయుట పొరపాటు. అట్లు చేసినచో ఒక వారము పంచిపెట్టునంత కూర, తరువాత ఏమియు లేకుండుట జరుగును. మీటరు చొప్పున పది దినములకొకసారి విత్తినచో ఫిబ్రవరి వరకు పచ్చని కూరకు లోటుండదు.

కాలము తప్పినచో ఏమగునో మేము స్వయముగా అనుభవించితిమి. ఒక యేడు పరీక్షల ఒత్తిడిలో పడి కాలీఫ్లవర్ నారును సకాలమున నాటలేదు. మడిలోనే ముదిరిన నారును డిసెంబరు చివర నాటి, ఎరువు రెట్టింపు వేసి, నీరు తప్పక పోసితిమి. మొక్కలు నిలిచినవి గాని, కొన్నింటికి గుండీ అంత పువ్వు వచ్చి ఆగిపోయెను. తక్కినవాటికి ఫిబ్రవరి చివరి ఎండలకు పువ్వు గట్టిపడక బియ్యపు గింజలవలె విడిపోయెను. పది మొక్కలలో ఒక్కటియు వంటకు రాలేదు. మరుసటి యేడు సెప్టెంబరులో నారు పోసి, నాలుగు వారములకు నాటినప్పుడు, సగము ఎరువుతోనే తొమ్మిది పువ్వులు చేతికి వచ్చినవి. కష్టము రెండేండ్లును ఒక్కటియే. భేదమంతయు తేదీలో నున్నది.

పురుగులు, తెగుళ్ళు

చలి ముదిరిన కొలది చిక్కుడు, క్యాబేజీ, ముల్లంగి ఆకుల అడుగున పేనుబంక చేరును. ఆరంభమున వ్రేళ్ళతో నలిపివేసినను, నీటి ధారతో కడిగివేసినను చాలును. ఎక్కువైనచో 50 గ్రాముల వేపగింజల పప్పును దంచి, లీటరు నీటిలో రాత్రంతయు నానబెట్టి, వడగట్టి, కొద్దిగా సబ్బు కలిపి సాయంకాలము ఆకుల అడుగు తడియునట్లు చల్లవలెను. వంగ కొమ్మ చివర వాడినచో లోపల పురుగు ఉన్నదని గ్రహించి ఆ కొమ్మను త్రుంచి నాశనము చేయవలెను. ఆలస్యము చేసినచో అది కాయలోనికి పోవును. టమాటా కాయ తొలుచు పురుగు తల్లి బంతిపూలపై గ్రుడ్లు పెట్టుటకు ఇష్టపడును. క్యాబేజీని ఆశించు పురుగు ఆవ మొక్కల వైపు ఆకర్షింపబడును. అందుకే గట్టుపై బంతి, క్యాబేజీ ప్రక్కన ఒక వరుస ఆవాలు వేయుదురు. తినబోవు కూర మన పిల్లలకే గాని బజారుకు కాదు; కనుక ఘాటైన రసాయన మందుల జోలికి పోకుండుటయే ఉత్తమము.

రెండు భాషల తోట

ఈ సంచిక ఉర్దూ, తెలుగు విద్యార్థులకు ఉమ్మడిది కనుక ఒక ముచ్చట చెప్పుట అప్రస్తుతము కాదు. ఉత్తర దేశపు ఉర్దూలో ‘హరా ధనియా’ అను దానిని మన దక్కనీలో ‘కొత్మీర్’ అందురు. మన ‘కొత్తిమీర’ను విన్నవారికి ఈ రెండింటి చుట్టరికము చెప్పనక్కరలేదు. అక్కడ ‘కద్దూ’ అనగా గుమ్మడి. ఇక్కడ ‘కద్దూ’ అనగా సొరకాయ. దాల్చాలో పడునదియు, కద్దూ కీ ఖీర్‌గా మారునదియు ఈ సొరకాయయే. గోంగూర మన ముస్లిం ఇండ్లలో ‘అంబాడా’ అను పేరుతో మాంసముతో కలిసి ఉడుకును. పొరుగింట పచ్చడి యగును. బగారా బైంగన్‌కు కావలసిన చిన్న వంకాయలును, గుత్తివంకాయకు కావలసిన వంకాయలును ఒకే మొక్కకు కాయును. ఒకరి పెరటిలో మెంతికూర ఎక్కువైనప్పుడు గోడ మీదుగా పొరుగువారికి అందించుట మన మొహల్లాలలో కొత్త సంగతి కాదు. విత్తిన మొక్క నుండి మనిషి గాని, పశువు గాని, పక్షి గాని తినినచో అది విత్తినవానికి దానముగా లెక్కింపబడునని ఇస్లాము సంప్రదాయము బోధించుచున్నది.

పండించిన కూరను తినుట

పండించుట ఎంత ముఖ్యమో తినవలసిన విధముగా తినుటయు అంత ముఖ్యము. ఆకుకూరలలోని ఇనుము శరీరమునకు అంత సులభముగా పట్టదు. నిమ్మరసము గాని, పచ్చి టమాటా గాని, అనగా విటమిన్ సి గల పదార్థము తోడైనప్పుడు అది ఎక్కువగా పట్టును. భోజనము ముగిసిన వెంటనే ఇరానీ చాయ్ త్రాగు అలవాటు దీనికి శత్రువు. చాయ్‌లోని పదార్థములు ఇనుమును పట్టనీయవు. భోజనమునకు, చాయ్‌కి నడుమ ఒక గంట ఎడముండవలెను. ముల్లంగి ఆకును, కాలీఫ్లవర్ లేత ఆకును పారవేయక పప్పులో వేసి వండవచ్చును. రక్తహీనత తీవ్రముగా ఉన్నవారు కూరతోనే సరిపెట్టుకొనక వైద్యుని సలహాపై ఇనుము మాత్రలు వాడవలెను. తోట మందునకు తోడే గాని బదులు కాదు. ఇంకొక మాట చెప్పక తప్పదు. చాల ఇండ్లలో పురుషులు, బాలురు తిన్న పిమ్మట మిగిలినది బాలికలకు వచ్చును. మడిలో ఎంత కూర పండినను ఈ అలవాటు మారనిచో మనము మొదట చెప్పిన 57 సంఖ్య మారదు.

విన్నపము

విద్యార్థినీ విద్యార్థులారా! పది మీటర్లు లేకున్నను ఒక మీటరుతో ఆరంభింపుడు. గుప్పెడు మెంతులు మీ వంటయింటిలోనే కలవు. వాటిని నేడు నానబెట్టినచో నెల తిరుగకమునుపే కూర మీ పళ్ళెములో నుండును.

కళాశాల కమిటీ వారికి మా మనవి ఒకటి గలదు. మన నమాజు గది వద్ద కుళాయిల నుండి జారు వుజూ నీరు నేరుగా మురుగు కాలువలో కలియుచున్నది. దాని ప్రక్కనే ఎండ తగులు ఖాళీ స్థలము గలదు. కొన్ని మీటర్ల గొట్టము, కంకరతో నింపిన ఒక చిన్న గుంట, నాలుగు బండ్ల ఎరువు ఏర్పరచినచో అచ్చట తోట వెలయును. ఇందులో గల చిక్కును కూడ దాచక చెప్పుదుము. నారు నాటవలసిన అదనుననే దసరా సెలవులు వచ్చును. ఆ దినములలో నీరు పోయువారు లేనిచో శ్రమయంతయు వృథా యగును. కనుక వసతిగృహమున ఉండువారికిని, కళాశాల సమీపమున నివసించువారికిని వంతులు నిర్ణయించి ముందుగానే పట్టిక వ్రేలాడదీయవలెను. వృక్షశాస్త్ర విద్యార్థులకు ఈ తోట ప్రయోగశాలగాను, వసతిగృహపు వంటశాలకు కొంత ఆదరువుగాను ఉపయోగపడును.

ఈ సంచిక మీ చేతికి అందునప్పటికి ఈ సంవత్సరపు అదను దాటియుండవచ్చును. అయినను నిరాశ వలదు. ఎరువు గొయ్యి తవ్వుటకు జూలై గలదు; నారు పోయుటకు సెప్టెంబరు గలదు; మెంతులు విత్తుటకు అక్టోబరు గలదు. ఈ మూడు తేదీలను పుస్తకపు అట్టపై వ్రాసికొనుడు. వచ్చే సంవత్సరపు సంచికలో మన కళాశాల తోటలో పండిన కూర ఎన్ని కిలోలో లెక్కతో సహా ప్రకటించు భాగ్యము మాకు కలుగును గాక, ఇన్షాఅల్లాహ్.